విన్‌రార్, 7-జిప్‌లను మనమే అప్‌డేట్ చేసుకోవాలి: మొదటి నుంచి చివరి దాకా పద్ధతి

చిక్కడపల్లిలో నాకు బాగా తెలిసిన డీటీపీ సెంటర్ ఒకటి ఉంది. పెళ్లి కార్డులు, ఆల్బమ్ డిజైన్లు, ఫ్లెక్సీలు చేస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరోజు అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, ఫొటోగ్రాఫర్ పంపిన రార్ ఫైల్ ఓపెన్ అయితలేదు. కస్టమర్ ముందట్నే కూసున్నడు. జర వచ్చి చూస్తవా?"

వెళ్లి చూస్తే ఫైల్ సగమే డౌన్‌లోడ్ అయింది. మళ్లీ దించుకుంటే తెరుచుకుంది. అక్కడితో నా పని అయిపోయింది కానీ, అలవాటు కొద్దీ, రార్, జిప్ ఫైళ్లను విప్పే విన్‌రార్ ప్రోగ్రామ్‌లో హెల్ప్ మెనూకు వెళ్లి 'అబౌట్ విన్‌రార్' నొక్కాను. 5.61 అని కనిపించింది. 2018 నాటి వెర్షన్! ముక్కూ మొహం తెలియని కస్టమర్లు పెన్ డ్రైవ్‌లో, మెయిల్‌లో, వాట్సాప్‌లో తెచ్చే జిప్‌లు, రార్‌లు పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిచే సిస్టమ్ అది. నాకు నిజంగా భయమేసింది.

"అప్‌డేట్స్ అన్నీ ఆన్‌లనే ఉన్నయ్ గదన్నా" అన్నాడు షాపతను. అతను చెప్పింది నిజమే. విండోస్ అప్‌డేట్ ఆన్‌లో ఉంది, యాంటీవైరస్‌కు డబ్బు కట్టి ఉంది. కానీ ఈ రెండూ విన్‌రార్ జోలికి వెళ్లవు. విన్‌రార్‌కు గానీ, అదే పని చేసే ఉచిత ప్రోగ్రామ్ 7-జిప్‌కు గానీ తమంతట తాము అప్‌డేట్ అయ్యే ఏర్పాటు లేదు. ఒకసారి వేస్తే, మళ్లీ మనం చెయ్యి పెట్టే దాకా ఆ వెర్షన్ అలాగే ఉండిపోతుంది. అందుకే ఈ పని ఎలా చేయాలో మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఒక కంప్యూటర్‌కు అరగంట చాలు.

అసలు ప్రమాదం ఎక్కడుంది

ఇది అర్థమైతే మిగతా పని ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

జిప్ గానీ, రార్ గానీ ఒక మూట. ఆ మూటలో ప్రతి ఫైల్‌తో పాటు, దాన్ని ఏ ఫోల్డర్‌లో పెట్టాలో చెప్పే చిరునామా కూడా రాసి ఉంటుంది. మీరు ఎక్స్‌ట్రాక్ట్ నొక్కగానే విన్‌రార్ ఆ చిరునామా చదివి ఫైల్‌ను అక్కడ పెడుతుంది. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పార్సిల్ మీద ఫ్లాట్ నంబర్ చూసి ఆ గుమ్మం ముందు పెట్టినట్టు. ఇప్పుడు ఆ పార్సిల్ మీద ఎవరో 'మెట్లెక్కి పైకి వెళ్లు, ఇంకా పైకి వెళ్లు, టెర్రస్ మీద కరెంటు గదిలో పెట్టు' అని రాశారనుకోండి. వాచ్‌మన్ ఆలోచించకుండా పెట్టేస్తే? కంప్యూటర్ భాషలో వరుసగా రెండు చుక్కలు పెడితే 'ఒక ఫోల్డర్ వెనక్కి వెళ్లు' అని అర్థం. ఇలాంటి చిరునామా కనబడితే మంచి ప్రోగ్రామ్ ఒప్పుకోకూడదు. ఒప్పుకుందంటే, డౌన్‌లోడ్స్‌లో తెరిచిన మూటలోంచి ఒక ఫైల్ వెళ్లి విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. మర్నాడు సిస్టమ్ ఆన్ చేయగానే అది దానంతట అదే నడుస్తుంది. ఈ రకం లోపాన్ని పాత్ ట్రావర్సల్ అంటారు.

ఇది ఎవరో ఊహించి చెబుతున్న భయం కాదు. 2019 ఫిబ్రవరిలో చెక్‌పాయింట్ సంస్థ పరిశోధకులు విన్‌రార్‌లో సరిగ్గా ఇలాంటి లోపాన్నే బయటపెట్టారు. ఏస్ అనే పాత రకం మూటలను విప్పే ఒక డీఎల్ఎల్ ఫైల్‌లో (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ముక్క) ఆ లోపం దాదాపు 19 ఏళ్లుగా ఉంది. ఆ డీఎల్ఎల్ సోర్స్ కోడ్ విన్‌రార్ వాళ్ల దగ్గర లేదు. సరిచేసే దారి లేక, 5.70 వెర్షన్ నుంచి ఏస్‌కు సపోర్ట్ మొత్తం తీసేశారు. చిక్కడపల్లి షాపులో ఉన్న 5.61 దానికి ముందుది.

2023లో వచ్చింది ఇంకో రకం. దాన్ని దగ్గరగా చూపిస్తాను. మీకు ఒక జిప్ వచ్చింది. విన్‌రార్‌లో తెరిస్తే లోపల ఒక ఫొటో ఉంది, చివర జేపీజీ అనే ఉంది. దాని పక్కనే అదే పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. రెండు పేర్ల చివరా కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉంటుంది. ఆ ఫోల్డర్ లోపల అదే పేరుకు సీఎండీ అని తగిలించిన స్క్రిప్ట్ ఉంటుంది. మీరు ఫొటో మీద డబుల్ క్లిక్ చేస్తారు. విన్‌రార్ తికమకపడి ఫొటో బదులు ఆ స్క్రిప్ట్‌ను నడిపిస్తుంది. స్క్రిప్ట్ తన పని తాను చేసుకుని, అనుమానం రాకుండా ఫొటోను కూడా తెరిచి చూపిస్తుంది. గ్రూప్-ఐబీ సంస్థ దీన్ని కనిపెట్టేసరికే, ఆ ఏప్రిల్ నుంచి షేర్ల, క్రిప్టో ట్రేడింగ్ చేసేవాళ్ల మీద దీన్ని వాడుతున్నారు. ఆగస్టు 2న వచ్చిన 6.23 వెర్షన్‌లో సరిచేశారు. అయినా అక్టోబరులో కూడా ప్రభుత్వాల అండ ఉన్న హ్యాకర్ గుంపులు అదే లోపాన్ని వాడుకుంటున్నాయని గూగుల్ చెప్పింది. మందు వచ్చింది, వేసుకోవాల్సిన వాళ్లు వేసుకోలేదు.

2025 జులైలో ఈసెట్ సంస్థ పట్టుకున్నది మన హైదరాబాద్ వాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే అది రెజ్యూమె రూపంలో వచ్చింది. ఉద్యోగానికి దరఖాస్తు అంటూ యూరప్, కెనడా కంపెనీలకు రార్ ఫైళ్లు పంపారు. తెరిస్తే కనిపించేది ఒక్క రెజ్యూమె. దాని వెనక, విండోస్‌లో మామూలుగా కంటికి కనబడని దారిలో, వేరే ఫైళ్లు దాచి ఉన్నాయి. విప్పగానే వాటిలో ఒకటి స్టార్టప్ ఫోల్డర్‌కు వెళ్తుంది. భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబర్లలో దానిది సీవీఈ-2025-8088. జులై 30న వచ్చిన 7.13లో సరిచేశారు. దాని ముందు నెలలో వచ్చిన 7.12 కూడా ఇలాంటి లోపం కోసమే. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో, మాదాపూర్ హెచ్‌ఆర్ టేబుళ్ల మీద రోజూ ఎన్ని రెజ్యూమెలు తెరుస్తారో నేను చెప్పక్కర్లేదు.

7-జిప్ వాడేవాళ్లు తమకు ఫర్వాలేదు అనుకోవద్దు. ఆ కథ కింద వస్తుంది.

మొదటి మెట్టు: మీ దగ్గర ఏముందో చూడండి

విన్‌రార్ తెరిచి హెల్ప్, అబౌట్. 7-జిప్ అయితే స్టార్ట్ మెనూలో 7-జిప్ ఫైల్ మేనేజర్ తెరిచి హెల్ప్, అబౌట్. అక్కడున్న అంకెను కాగితం మీద రాసుకోండి.

విన్‌రార్ 7.13 కంటే తక్కువ ఉంటే ఇవాళే మార్చాలి. 7-జిప్ 25.01 కంటే తక్కువ ఉన్నా అంతే. 7-జిప్ వయసు తెలుసుకోవడం తేలిక: చుక్కకు ముందున్న రెండు అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. 19.00 అంటే 2019 నాటిది, 25.01 అంటే 2025 నాటిది. మన ఊళ్లో సిస్టమ్‌లు చూసినప్పుడల్లా నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఆ 19.00యే.

ఒక అంకె చూసి ఆగిపోకండి. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు కాపీలు ఉండటం మామూలు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కు వెళ్లి పేర్లు వెతకండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఒకటి, దాని పక్కన ఎక్స్86 అని ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇంకొకటి ఉండవచ్చు. ఎవరో ఒకప్పుడు 32-బిట్ వేశారు, తర్వాత ఇంకెవరో 64-బిట్ వేశారు. మీరు ఒకదాన్ని అప్‌డేట్ చేస్తే రెండోది పాతదిగానే పడి ఉంటుంది. పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగే పోర్టబుల్ కాపీలు ఈ జాబితాలో అసలు కనిపించవు. వాటిని చేత్తో వెతికి తీసేయాలి.

సీ డ్రైవ్‌లో ఇంకో రెండు పేర్లు వెతకండి. ఒకటి అన్‌రార్ డాట్ డీఎల్ఎల్. వేరే సాఫ్ట్‌వేర్లు రార్ ఫైళ్లు విప్పడానికి దీన్ని తమతో తెచ్చుకుంటాయి. సీవీఈ-2025-8088 విండోస్‌లోని ఈ డీఎల్ఎల్‌ను కూడా పట్టింది. కనబడితే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో వెర్షన్ చూసి, అది ఏ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఉందో దాన్ని అప్‌డేట్ చేయండి. రెండోది ఆ ఏస్ డీఎల్ఎల్, పేరు యూ-ఎన్-ఏ-సీ-ఈ-వీ-2. అది ఎక్కడ కనబడినా తీసేయండి.

రెండో మెట్టు: ఎక్కడి నుంచి దించుకోవాలి

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. గూగుల్‌లో 'విన్‌రార్ ఫ్రీ డౌన్‌లోడ్' అని కొట్టి మొదట వచ్చిన దాన్ని నొక్కకండి. పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. సెక్యూరిటీ కోసం బయల్దేరి వైరస్ తెచ్చుకున్నట్టవుతుంది.

విన్‌రార్‌కు అసలు సైట్లు రెండు: రార్‌ల్యాబ్ డాట్ కామ్, విన్-రార్ డాట్ కామ్. రెండో దాంట్లో విన్, రార్ మధ్య గీత ఉంటుంది. 7-జిప్‌కు 7-జిప్ డాట్ ఆర్గ్. దీంట్లోనూ ఏడు తర్వాత గీత ఉంటుంది, చివర కామ్ కాదు, ఆర్గ్. ఈ చిరునామాలను బ్రౌజర్‌లో ఇంగ్లిషులో అక్షరం అక్షరం మీరే టైప్ చేయండి. పేజీలో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న వెర్షన్ తీసుకోండి, బీటా అని ఉన్నది వదిలేయండి.

విన్‌రార్ ఇన్‌స్టాలర్ దిగాక దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. విన్ డాట్ రార్ జీఎంబీహెచ్ అనే జర్మన్ కంపెనీ పేరు ఉండాలి. లేకపోతే ఆ ఫైల్ డిలీట్ చేసేయండి. 7-జిప్ సంగతి వేరు. ఈగర్ పావ్లోవ్ 1999 నుంచి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రామ్ అది, దాని ఇన్‌స్టాలర్ మీద అలాంటి సంతకం ఉండదు. అందుకే నడిపేటప్పుడు విండోస్ పసుపు రంగులో 'అన్‌నోన్ పబ్లిషర్' అని అడుగుతుంది. సైట్ అసలుదైతే కంగారు పడక్కర్లేదు. సంతకం లేదు కాబట్టే సైట్ పేరు రెండుసార్లు చూసుకోమంటున్నాను.

కమాండ్‌లు అలవాటున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. టెర్మినల్ తెరిచి ఇంగ్లిషులో వింగెట్ అప్‌గ్రేడ్ అని కొడితే, పాతబడ్డ ప్రోగ్రామ్‌ల జాబితా వెర్షన్లతో సహా వస్తుంది. అందులో వీటి ఐడీలు ఉంటే వాటిని అక్కడి నుంచే అప్‌డేట్ చేయవచ్చు. ఆఫీసులో పది సిస్టమ్‌లున్నవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

మూడో మెట్టు: ఇన్‌స్టాల్ చేయడం

తెరిచి ఉన్న విన్‌రార్, 7-జిప్ కిటికీలన్నీ మూసేయండి. పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, దాని మీదే వేసేయవచ్చు. విన్‌రార్ కొనుక్కున్నవాళ్ల లైసెన్స్ కీ, సెట్టింగ్‌లు అలాగే ఉంటాయి. రెండు కాపీలు ఉన్నవాళ్లు మాత్రం ముందు ఆ 32-బిట్‌ది తీసేసి, తర్వాత 64-బిట్ వేసుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. 7-జిప్ విషయంలో ఇది తప్పనిసరిగా చేయండి. రైట్ క్లిక్ మెనూలో కనిపించే దాని డీఎల్ఎల్‌ను విండోస్ ఎక్స్‌ప్లోరర్ పట్టుకుని కూర్చుంటుంది. రీస్టార్ట్ చేసే దాకా పాతదే నడుస్తూ ఉండవచ్చు. తర్వాత మళ్లీ అబౌట్ తెరిచి, కాగితం మీద పాత అంకె పక్కన కొత్తది రాయండి. అంకె మారకపోతే పని అవలేదనే అర్థం.

క్రాక్ వేసిన (డబ్బు కట్టకుండా లైసెన్స్ ఉన్నట్టు నడిపే) విన్‌రార్ గురించి ఇక్కడ చెప్పాలి. అప్‌డేట్ చేస్తే క్రాక్ పోతుందన్న టెన్షన్‌తో ఏళ్ల తరబడి పాత వెర్షన్‌నే పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. పైగా ఆ క్రాక్‌లో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. విన్‌రార్ ట్రయల్ 40 రోజులు, ఆ తర్వాత కొనుక్కోవాలి. డబ్బు పెట్టలేకపోతే 7-జిప్ వాడండి. ఇంట్లోనైనా, షాపులోనైనా పైసా కట్టక్కర్లేదు. రార్ ఫైళ్లను విప్పుతుంది, రార్ చేయడం మాత్రం దానికి రాదు. ఫొటోగ్రాఫర్లు పంపే ఆల్బమ్‌లు తెరవడానికి అది చాలు.

నాలుగో మెట్టు: ఇంటర్నెట్ గుర్తు పోకుండా చూసుకోవడం

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నాకైతే అప్‌డేట్ తర్వాత ముఖ్యమైంది ఇదే.

మీరు బ్రౌజర్‌లో ఏ ఫైల్ దించుకున్నా విండోస్ దానికి 'ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది' అని కనబడని ముద్ర వేస్తుంది. మార్క్ ఆఫ్ ద వెబ్ అంటారు. ఆ ముద్ర ఉంటేనే విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ రక్షణ హెచ్చరిస్తుంది, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుచుకుంటాయి. మరి జిప్‌కు ఉన్న ముద్ర, లోపలి ఫైళ్లను బయటికి తీసినప్పుడు వాటికి కూడా పడాలి కదా? 7-జిప్‌లో ఆ సౌకర్యం 2022లో 22.00 వెర్షన్‌తో వచ్చింది. కానీ మొదటి నుంచీ దాన్ని ఆఫ్‌లోనే ఉంచి ఇస్తున్నారు. అంటే మీరు ఆన్ చేయకపోతే ముద్ర చెరిగిపోయినట్టే.

ఆన్ చేసినవాళ్లను కూడా బోల్తా కొట్టించిన లోపం సీవీఈ-2025-0411. మూటలో ఇంకో మూట పెడితే, లోపలి మూటలోంచి తీసిన ఫైళ్లకు ముద్ర పడేది కాదు. ఉక్రెయిన్‌లోని సంస్థల మీద దీన్ని వాడారు. 2024 నవంబరులో వచ్చిన 24.09లో సరిచేశారు. తర్వాత 2025లో వచ్చిన 25.00, 25.01 వెర్షన్లలో సింబాలిక్ లింకులకు (ఒక పేరుతో ఉండి వేరే చోటికి దారి చూపేవి) సంబంధించిన లోపాలను సరిదిద్దారు. అవీ మనం పైన చెప్పుకున్న చిరునామా మోసం కుటుంబానివే.

ఇక సెట్టింగ్: 7-జిప్ ఫైల్ మేనేజర్‌లో టూల్స్, ఆప్షన్స్, అందులో 7-జిప్ అనే ట్యాబ్. కింద 'ప్రాపగేట్ జోన్ ఐడీ స్ట్రీమ్' అని ఉంటుంది. దాన్ని 'యెస్'కు మార్చి ఓకే కొట్టండి. విన్‌రార్‌లో సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇదే ఆప్షన్ ఉంది, అక్కడ అన్ని ఫైళ్లకూ వర్తించేలా పెట్టుకోండి.

పనిచేస్తోందో లేదో మీ కళ్లతో చూసుకోండి. బ్రౌజర్‌లో ఏదైనా జిప్ దించి, విప్పి, లోపలి ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కింద 'అన్‌బ్లాక్' అనే గడి కనబడితే ముద్ర పడినట్టే.

పెన్ డ్రైవ్‌ల విషయంలో మాత్రం ఈ రక్షణ మీద ఆధారపడలేం. ఈ ముద్ర ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్‌ల్లోనే నిలుస్తుంది. చాలా పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి, వాటిలోకి ఎక్కగానే చెరిగిపోతుంది. జిరాక్స్ షాపులు, డీటీపీ సెంటర్లు నడిచేదే పెన్ డ్రైవ్‌ల మీద. అలాంటి చోట ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' తప్పకుండా ఆన్ చేయండి. పెళ్లి ఫొటో అని వచ్చినదాని చివర సీఎండీ, ఎల్‌ఎన్‌కే, ఎస్‌సీఆర్, ఈఎక్స్‌ఈ లాంటివి ఉంటే దాన్ని ముట్టుకోకండి. మూటలోంచే డబుల్ క్లిక్ చేసి తెరవడం మానేసి, వేరే ఫోల్డర్‌లోకి విప్పి పేర్లన్నీ చూశాక తెరవండి.

ఐదో మెట్టు: ఇప్పటికే ఏమైనా దూరిందా

అప్‌డేట్ తలుపు మూస్తుంది కానీ, ముందే లోపలికి వచ్చినదాన్ని బయటికి పంపదు. కీబోర్డులో విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఇంగ్లిషులో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే మీ స్టార్టప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. చాలా సిస్టమ్‌లలో అది ఖాళీగానే ఉంటుంది, లేదా మీకు తెలిసిన ఒకటి రెండు షార్ట్‌కట్‌లు ఉంటాయి. మీరు పెట్టనిది ఏదైనా ఉంటే డబుల్ క్లిక్ చేయకండి. ప్రాపర్టీస్‌లో తేదీ చూడండి, షార్ట్‌కట్ అయితే టార్గెట్ దగ్గర అది దేన్ని నడిపిస్తోందో చూడండి. టెంప్ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌నో, ఈఎక్స్‌ఈనో చూపిస్తుంటే అనుమానించాల్సిందే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా కూడా ఒకసారి చూడండి.

అనుమానం వస్తే నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి కాకుండా ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఇలాంటి నేరాల కోసమే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. చెప్పుకోవడానికి మొహమాటపడకండి.

ఫోన్లు, మ్యాక్, లైనక్స్

ఆండ్రాయిడ్ రార్ యాప్‌కు సీవీఈ-2025-8088 లేదు. ప్లే స్టోర్ అప్‌డేట్లు ఆన్‌లో ఉంచితే చాలు. మ్యాక్‌లో జిప్ విప్పేది సిస్టమ్‌లోనే ఉంటుంది, మ్యాక్ అప్‌డేట్‌తో పాటు అదీ అప్‌డేట్ అవుతుంది. విండోస్ 11 కూడా 2023 చివరి నుంచి రార్, 7జెడ్ ఫైళ్లను సొంతంగా తెరుస్తోంది. ఎప్పుడో ఒకసారి రార్ తెరిచేవాళ్లు ఏ ప్రోగ్రామూ వేసుకోకుండా దానితోనే సరిపెట్టుకోవచ్చు. విండోస్ అప్‌డేట్‌లోనే దానికీ మందు వస్తుంది.

అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ గురించి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ దాంట్లోని మోసాన్ని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్తే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగ తలుపు బయటపడింది. ఆ అర సెకనును పట్టించుకున్న మనిషి మీద నాకు ఎంతో గౌరవం. ఉబుంటు, డెబియన్ స్టేబుల్ విడుదలల్లోకి ఆ వెర్షన్లు చేరలేదు. మీ సిస్టమ్‌లో ఆ రెండు అంకెలు కనబడకపోతే చాలు. మిగతాది డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే మామూలు అప్‌డేట్లే చూసుకుంటాయి. కొత్త వెర్షన్ రాగానే సోర్స్ దించి సొంతంగా కట్టుకునే అలవాటు మాత్రం సర్వర్ల మీద వద్దు.

మళ్లీ ఎప్పుడు చూడాలి

నెలకు ఒకసారి చూడండి. గుర్తుండదు కాబట్టి దేనికైనా ముడిపెట్టుకోండి: కరెంటు బిల్లు కట్టే రోజో, షాపు అద్దె ఇచ్చే రోజో.

చిక్కడపల్లి షాపులో ఆ రోజు మూడు సిస్టమ్‌లు అప్‌డేట్ చేశాం. రెండింట్లో స్టార్టప్ ఖాళీగా ఉంది. మూడోదాంట్లో పాత ప్రింటర్ షార్ట్‌కట్ ఒక్కటే ఉంది. పెళ్లి కార్డుల మీద అంటించే చిన్న స్టిక్కర్లు మూడు తీసి, ఒక్కో మానిటర్ మూలన అంటించి, మార్కర్‌తో వెర్షన్, తేదీ రాశాడు అతను. కింద కొంచెం ఖాళీ వదిలాడు. "వచ్చే నెలది ఈడ రాస్తనన్నా" అన్నాడు.